విమలమ్మ గారి మధ్యాహ్నపు కునుకు

ఏ ఇల్లయినా సరే, అందులో ఒక మధ్యాహ్నం చాప పరుచుకుని పడుకుని లేస్తే తప్ప విమలమ్మ గారు దాన్ని అమ్మరు. విశాఖపట్నంలో రియల్ ఎస్టేట్ ఏజెంట్లకు కరువు లేదు. ఇల్లు చూపించే ముందు గుమ్మానికి దండం పెట్టేవాళ్లున్నారు, దిక్సూచి తీసేవాళ్లున్నారు, డ్రోన్ ఎగరేసేవాళ్లున్నారు. తలగడ తీసేది మాత్రం ఈవిడ ఒక్కరే.

ఆవిడ స్కూటర్ మీద కాళ్ల దగ్గర చుట్టిన చాప నిలబెట్టి ఉంటుంది. వెనక సీటుకి పువ్వుల గలీబు వేసిన తలగడ కట్టి ఉంటుంది. దూరం నుంచి చూస్తే కాపురం ఎత్తేసి వెళ్లిపోతున్న మనిషిలా కనిపిస్తారు. ఒకసారి ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపి, ఎవరినైనా ఆస్పత్రిలో చేర్చారా అమ్మా అని జాలిగా అడిగాడట. లేదు బాబూ, డ్యూటీకి వెళ్తున్నానని చెప్పి ఈవిడ బండి ముందుకు పోనిచ్చారు.

నా పేరు ఆనందకుమార్. కూర్మన్నపాలెం జంక్షన్‌లో టైర్ల షాపు పక్కన ఆవిడా నేనూ కలిసి ఆఫీసు నడుపుతున్నాం. మా చర్చిలో పాటలు నడిపించేది ఆవిడే. నేను వెనక వరసలో నిలబడి నోరు కదిపేవాణ్ని. నేను ఇన్సూరెన్సు ఉద్యోగం మానేసి దిక్కులు చూస్తున్న రోజుల్లో, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను పక్కకి పిలిచారు.

"ఆనందూ, నీకు మాటలొచ్చు, నాకు నిద్దరొచ్చు. రెండూ కలిస్తే యాపారం అవుద్ది" అన్నారు.

హాస్యమాడుతున్నారనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

మొదటి వారంలోనే సంగతి అర్థమైంది. ఒక బిల్డర్ కొత్త అపార్టుమెంటు కట్టి, అమ్మిపెట్టమని మాకు తాళాలిచ్చాడు. అదే రోజు మధ్యాహ్నం ప్రచారం కోసం వీడియో తీసేవాణ్ని కూడా పంపాడు. ఆ కుర్రాడు కెమెరా ఆన్ చేసి హాలు, వంటిల్లు, బాల్కనీ అన్నీ గుండ్రంగా తిప్పి తీసి, మాస్టర్ బెడ్రూమ్ తలుపు తోశాడు. చలవరాతి నేల మధ్యలో చాప మీద, చీర కొంగు ముఖం మీద కప్పుకుని విమలమ్మ గారు గుర్రు పెడుతున్నారు. చూసుకోకుండా ఆ ముక్క కూడా కలిపి వీడియో ఫేస్‌బుక్‌లో పెట్టేశాడు. ఫ్లాట్ గురించి ఒక్కరూ అడగలేదు. ఆ పడుకున్నావిడ ఫ్లాట్‌తో పాటు వస్తారా అని మాత్రం ఊరంతా అడిగింది.

బిల్డర్ మండిపడుతూ ఆఫీసుకి వచ్చాడు. ఆవిడ అతనికి మజ్జిగ ఇచ్చి, తాపీగా తన కునుకు ఫలితం వినిపించారు. ఆ పడగ్గది గోడ వెనకే లిఫ్టు ఉంది. లిఫ్టు కదిలినప్పుడల్లా తలగడ కింద నుంచి గుర్రుమంటోంది. చంటిపిల్లలున్న వాళ్లకి ఆ ఫ్లాట్ ఇవ్వకూడదు, అటువైపుది చూపిద్దాం అన్నారు. ఆ మాట బయటికి అంటే ఫ్లాట్లు అమ్ముడుపోతాయా అని బిల్డర్ అరిచాడు. ఆవిడ మాత్రం వచ్చినవాళ్లందరికీ చెప్తూనే ఉన్నారు. విచిత్రం, ఫ్లాట్లన్నీ అమ్ముడుపోయాయి. ఆ లిఫ్టు పక్క ఫ్లాట్‌ని కూడా స్టీల్ ప్లాంటులో పనిచేసే ఒకాయన ఏరికోరి కొనుక్కున్నాడు. రోలింగ్ మిల్లు చప్పుడు అలవాటైన ప్రాణం, నిశ్శబ్దంగా ఉంటే నిద్ర పట్టదన్నాడు.

ఇల్లు కాబట్టి పడుకున్నారు, ఖాళీ స్థలమైతే ఏం చేస్తారని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. యారాడలో సముద్రానికి దగ్గరగా ఒక సైట్ అమ్మకానికొచ్చింది. హైదరాబాదు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఆయన కారులో దిగాడు, నేను ఆయన్ని వెంటబెట్టుకుని కొండ దిగాను. చూస్తే సైట్ నడిమధ్యన గొడుగు పాతి ఉంది. గొడుగు కింద చాప, చాప మీద విమలమ్మ గారు. చుట్టూ పల్లెవాళ్లు మూగి ఉన్నారు. ఎండకి ఎవరో పెద్దావిడ సొమ్మసిల్లిపోయిందనుకుని, చేపలమ్మే జోగమ్మ అప్పుడే బిందెడు నీళ్లు ఆవిడ ముఖాన కుమ్మరించింది.

విమలమ్మ గారు తడిసిన తలతో లేచి కూర్చుని, ముందు జోగమ్మకి థ్యాంక్స్ చెప్పి, తరువాత హైదరాబాదాయన వైపు తిరిగారు. "బాబూ, నాను పడుకున్నంతసేపూ జనం నన్ను దాటుకునే ఎల్తన్నారు. వలలు మోసుకుని ఒడ్డుకెల్లే దారి ఇదే. నువ్వు గోడ కట్టేత్తే ఈళ్లు ఎటెల్తారు?" అన్నారు.

నాకు ఆ ఇసకలోనే గొయ్యి తీసి దూకాలనిపించింది. కానీ ఆయన మంచివాడు. కాసేపు సముద్రాన్ని, కాసేపు జోగమ్మ ఖాళీ బిందెని చూసి, ఒక పక్కన దారి వదిలి కట్టుకుంటానన్నాడు. ఇప్పుడు ఆయన వచ్చినప్పుడల్లా జోగమ్మ ఇంటి నుంచి కూర వెళ్తుంది.

ఇలాంటివి చూశాక, ఈవిడ ఇంటి లోపాలు పసిగట్టడానికే పడుకుంటారని నేను తేల్చేసుకున్నాను. అందరికీ అలాగే చెప్పేవాణ్ని. సగమే నిజమని విశాఖ పాతనగరంలో జిలానీ బాషా గారి ఇల్లు అమ్మకానికి వచ్చినప్పుడు తెలిసింది.

జిలానీ బాషా గారు పరుపులు కుడతారు. కింద అంతా దుకాణం, దూది, కుట్టిన పరుపులు. పైన కాపురం. కిటికీ అంచుల మీద హార్బరు నుంచి వచ్చే నల్లటి దుమ్మును ఆయన భార్య ఆమినాబీ పొద్దుటా సాయంత్రం తుడుస్తూ ఉంటారు. వాళ్లబ్బాయి సొహైల్ కూర్మన్నపాలెంలో ఉంటాడు. తన ఇంటికి దగ్గర్లో లిఫ్టున్న ఫ్లాటొకటి చూసి పెట్టాడు. ఈ ఇల్లు అమ్మేసి అక్కడికి పోవాలని బాషా గారి నిర్ణయం. కొనే పార్టీ కూడా సిద్ధంగా ఉన్నాడు. టిఫిన్ హోటళ్లు నడిపే పోలిరాజు. ఆ వీధిలో కొత్త హోటల్ పెట్టాలని తహతహలాడుతున్నాడు. అమ్మేవాడికి తొందర, కొనేవాడికి అంతకన్నా తొందర. నా సర్వీసులో అలాంటి బేరం మళ్లీ తగలదు. ఆనందంతో నాకు అన్నం సయించడం మానేసింది.

పోలిరాజు గంటకోసారి ఫోన్ చేసేవాడు. "బావా, మీ విమలమ్మ లేసిందా?" అని.

మామూలుగా అయితే ఒక్క కునుకుతో పని అయిపోవాలి. ఈ ఇంట్లో విమలమ్మ గారు ఒక మధ్యాహ్నం పడుకున్నారు. ఎలా ఉందని అడిగితే, సరిగా నిద్ర పట్టలేదన్నారు. మర్నాడు మళ్లీ వెళ్లారు. ఇంకా తేలలేదన్నారు. ఇల్లంతా దూది పరుపులు, నిద్ర పట్టకపోవడమేమిటని నా గోల. పరుపుల దుకాణంలోనే నిద్ర పట్టని మనిషికి ఇంకెక్కడ పడుతుంది? మళ్లీ మర్నాడు కూడా చాప కట్టుకుని బయల్దేరారు. అవతల పోలిరాజు వేరే ఏజెంటు దగ్గరికి పోతానని బెదిరిస్తున్నాడు. ఇక ఆగలేక, ఆవిణ్ని లేపి తీసుకొద్దామని నేను కూడా వెనకాలే వెళ్లాను.

బాషా గారు మసీదుకి వెళ్లారు. కింద దుకాణం తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. మెట్లెక్కి పై గది గుమ్మం దగ్గరికి వచ్చి, పిలవబోయి ఆగిపోయాను.

విమలమ్మ గారు చాప మీద కళ్లు మూసుకుని పడుకుని గుర్రు పెడుతున్నారు. పక్కనే ఆమినాబీ గారు పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మాట్లాడుతున్నారు. నేను ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్లినా టీ గ్లాసు అందించడం తప్ప ఆవిడ నోటి వెంట ఒక్క మాట వినలేదు. ఇప్పుడు ధారగా మాట్లాడుతున్నారు.

"నిద్దరపోయేవా అక్కా? పోయుంటావులే. నీకు కాబట్టి సెప్తన్నాను. ఈ ఇల్లు వదిలెల్లాలంటే నా కాళ్లు కదలవు. పెళ్లయి ఒచ్చిన కాడి నుంచి పండక్కి ఈ ఈది మొత్తానికీ సేమియా నానే పంపుతన్నాను. ఆ అపార్టుమెంట్లో ఎవుల తలుపులు ఆళ్లేసుకుని ఉంటారట. గిన్నె పట్టుకుని ఏ తలుపు కొట్టేది?"

గుర్రు ఒక్క క్షణం ఆగింది. "ఊఁ" అని వినిపించింది. మళ్లీ గుర్రు మొదలైంది.

ఆమినాబీ గారు కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. "ఆయనకి సెప్పుకోనేను. పరుపులు ఎత్తలేక నడుం పట్టేసి ఎంత అవస్త పడతన్నాడో నాకు తెల్దా? అందుకే కదా అమ్మేత్తన్నాడు. నాకోసం ఆగమని ఎలగంటాను?"

గుర్రు, మధ్యలో ఇంకో "ఊఁ". సరిగ్గా ఎక్కడ పడాలో అక్కడే పడింది. ఇంత తెలివైన గుర్రు నేను నా జన్మలో వినలేదు.

నేను చప్పుడు కాకుండా మెట్లు దిగి, వీధి చివర టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. కాసేపటికి ఆవిడ చాప చంకన పెట్టుకుని వచ్చారు. మీరు నిద్రపోవడం లేదని నాకు తెలిసిపోయిందన్నాను. ఆవిడ స్కూటర్‌కి తలగడ కడుతూ, తెలిస్తే తెలిసిందిలే, గట్టిగా అరవకు అన్నారు.

ఇన్నేళ్ల గుట్టు ఆ టీ కొట్టు దగ్గర విప్పారు. బేరం మాట్లాడేది మగవాళ్లు. ఇల్లు చూపించేది మగవాళ్లు. ఆ సమయంలో ఇంటావిడ వంటింట్లో టీ కాస్తూ ఉంటుంది. ఏజెంటు వచ్చి గోడలు తట్టి, గదులు కొలుస్తూ తిరుగుతుంటే ఆ మనిషికి నోరు పెగలదు. అదే మధ్యాహ్నం పూట, మగవాళ్లు లేనప్పుడు, ఒక ఆడమనిషి వచ్చి నడుం వాల్చిందనుకోండి, పక్కన కూర్చుంటుంది. కళ్లు మూసుకుంటే కబుర్లు మొదలవుతాయి. గుర్రు పెడితే మనసులో మాట బయటికొస్తుంది. లిఫ్టు చప్పుళ్లు, గాలి, వెలుతురు, అవన్నీ దారిలో దొరికే సరుకేనట.

ఎవరు నేర్పారు ఈ విద్య అని అడిగాను.

"మా ఆయన మా ఇల్లు అమ్మేసి, సాయంత్రం ఒచ్చి సెప్పేడు. నాను పప్పులో ఉప్పేస్తన్నాను" అన్నారు. ఏడవలేదు, కోపంగా కూడా అనలేదు. "మంచోడే. అడగాలని తోచనేదు, అంతే. ఎవులో ఒకరు అడిగుంటే బాగున్ను కదా అనిపించింది. అప్పుడొచ్చిన ఏజెంటు నాకేసి సూడనైనా సూళ్లేదు."

నేను ఆవిడకి ఇంకో టీ చెప్పాను. కానీ నాలోని ఏజెంటు మాత్రం ఊరుకోలేదు. ఇల్లు బాషా గారి పేరున ఉంది, అమ్మమన్నది ఆయన, మనం ఆయన తరఫు ఏజెంట్లం, మొగుడూ పెళ్లాల మధ్యకి మనమెందుకు వెళ్లాలని వాదించాను.

"ఇల్లు ఆయన పేరున ఉంది. ఉండేది ఆవిడ. ఇంట్లో ఉన్న మనిషికి ఇష్టం నేకుండా నాను అమ్మను" అన్నారు.

అయితే ఇప్పుడే వెళ్లి బాషా గారికి చెప్పేద్దామన్నాను. ఆవిడ అదిరిపడ్డారు. అలా చెప్పడం మహాపాపమట. ఆమినాబీ ఆ మాటలు తనతో అనలేదట, నిద్రపోతున్న మనిషితో అన్నదట. నిద్రపోతున్న మనిషి విన్నది బయటపెట్టకూడదట. ఈ ధర్మసూక్ష్మం నాకు ఇప్పటికీ పూర్తిగా బోధపడలేదు. ఆవిడ మాత్రం హెల్మెట్ పెట్టుకుని, ఆ శుక్రవారం అగ్రిమెంటుకి అందరినీ రమ్మను అన్నారు.

శుక్రవారం నమాజు అయ్యాక అందరం పై గదిలో చేరాం. బాషా గారు తెల్ల లాల్చీలో మెరిసిపోతున్నారు. సొహైల్ సెలవు పెట్టి వచ్చాడు. పోలిరాజు చొక్కా జేబులో కొత్త పెన్ను, చేతిలో పెద్ద లడ్డూల పెట్టె. కాగితాలు బల్ల మీద పరిచారు. బాషా గారు పెన్ను మూత తీశారు.

విమలమ్మ గారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆమినాబీ గారిని కూడా పిలిచి కూర్చోబెట్టాలన్నారు.

బాషా గారు తెల్లబోయారు. ఆవిడకిక్కడేం పని అన్నారు. పోలిరాజు గడియారం చూసుకున్నాడు. విమలమ్మ గారు చెయ్యి తియ్యలేదు. ఆవిడ వచ్చి కూర్చుని సరేనంటే సంతకం, లేకపోతే నాకు ఈ బేరం వద్దన్నారు. వంటింటి గుమ్మం దగ్గర గాజులు కదిలిన చప్పుడైంది. సొహైల్ లేచి వెళ్లి అమ్మని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆవిడ చేతిలో టీ గ్లాసుల పళ్లెం అలాగే ఉంది.

"ఆమినాబీ గారూ, ఇల్లు అమ్మడం మీకు ఇష్టమేనా?" అని విమలమ్మ గారు అడిగారు.

ఆమినాబీ గారు పళ్లెం బల్ల మీద పెట్టారు. ఆవిడ భర్త వైపు చూశారు, కొడుకు వైపు చూశారు, కాగితాల వైపు చూశారు.

"ఇష్టం నేదు" అన్నారు.

పోలిరాజు లడ్డూల పెట్టెను మెల్లగా ఒళ్లోకి లాక్కున్నాడు.

బాషా గారు భార్య వైపు తిరిగారు. "నీ కోసమే కదా అమ్మేత్తన్నాను" అన్నారు. "మోకాళ్లు పట్టుకుని ఆ మెట్లు ఎక్కతా దిగతా ఉంటే సూళ్లేకపోతన్నాను. లిఫ్టుంటదని కదా ఆ ఫ్లాటు చూసింది."

"నా మోకాళ్లకేటి? మీ నడుం కోసం అమ్మేత్తన్నారనుకున్నాను."

"నా నడుంకేటైంది?"

ఒకరి నడుం కోసం ఒకరు, ఒకరి మోకాళ్ల కోసం ఒకరు, ఇద్దరికీ ప్రాణమైన ఇంటిని పంతంగా అమ్మేస్తున్నారు. సొహైల్ ముందు నవ్వాడు. తరువాత ఆమినాబీ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బాషా గారు పెన్ను మూత పెట్టేసి, ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదని గదమాయించబోయి, తాను కూడా అడగలేదని గుర్తొచ్చి ఊరుకున్నారు. ఐదు నిమిషాల్లో కొత్త ఏర్పాటు సిద్ధమైంది. కాపురం కిందికి దిగుతుంది. పరుపుల దుకాణానికి పక్క సందులో షెడ్డు అద్దెకి తీసుకుంటారు. బరువులెత్తడానికి మనుషుల్ని పెడతారు. బాషా గారు సూది తప్ప ఇంకేదీ ఎత్తకూడదని కొడుకు తీర్మానించాడు.

అందరూ సంతోషంగా ఉన్నారు, పోలిరాజూ నేనూ తప్ప.

"ఏటి బావా ఇది? నన్ను లడ్డూలు ఒట్టుకుని ఊరేగించడానికి పిలిసేవా?" అని అతను నా మీద పడ్డాడు. అతని ముఖం కందగడ్డలా ఉంది. నా ముఖం ఎలా ఉందో చూసుకునే ధైర్యం నాకు లేదు.

విమలమ్మ గారు లేచి చెప్పులు వేసుకుని, అందరూ నా వెంట రండి అన్నారు. ముందు ఆవిడ, వెనక లడ్డూలతో పోలిరాజు, ఆ వెనక కాగితాలతో నేను, ఏం జరుగుతుందో చూద్దామని బాషా గారు, సొహైల్. మా ఊరేగింపు చూసి వీధిలో వాళ్లు పెళ్లి చూపులనుకున్నారు. మలుపు తిరగగానే మూల మీద పెద్ద పెంకుటిల్లు. పోతమ్మ గారని, పిల్లలు లేని పెద్దావిడ ఒక్కరే ఉంటారు. చెల్లెలు సీతమ్మధారలో ఉంది, ఆవిడ దగ్గరికి పోవాలని పోతమ్మ గారి కోరిక. కానీ ఇంటికి "అమ్మబడును" అని బోర్డు కడితే పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు. విమలమ్మ గారు పాతనగరంలో తిరిగేటప్పుడు ఒకసారి అక్కడ నడుం వాల్చారట. ఈవిడైతే నేను కళ్లు మూసుకోక ముందే చెప్పేసిందని నా చెవిలో అన్నారు.

పోలిరాజు గుమ్మంలో నిలబడి అటు వీధి, ఇటు వీధి చూశాడు. రెండు వైపులా జనం. వాకిట్లోకి నడిచాడు, పెరట్లోకి నడిచాడు, పొయ్యిలు ఎక్కడ పెట్టాలో గాల్లో గీతలు గీశాడు. తిరిగి వచ్చేసరికి అతని కళ్లు పూర్ణాల్లా మెరుస్తున్నాయి.

"బావా, ఇది ముందే ఎందుకు సూపించలేదు?" అన్నాడు.

పోతమ్మ గారిని మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, ఈసారి నేనే అడిగాను, అమ్మడం మీకు ఇష్టమేనా అని. ఆవిడ నా వైపు చిత్రంగా చూసి, ఎప్పటి నుంచో బట్టలు సర్దుకుని కూర్చున్నాను నాయనా, నువ్వే ఆలస్యంగా వచ్చావు అన్నారు. లడ్డూల పెట్టె అక్కడ తెరిచాం. ఒక లడ్డూ నేనే స్వయంగా పట్టుకెళ్లి ఆమినాబీ గారికి ఇచ్చి వచ్చాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక నాకొక ఆలోచన వచ్చింది. ఊళ్లో అందరి ఇళ్లూ అమ్ముతున్నాను, మా అద్దె ఇంటి గురించి నా భార్య ఎవాంజలిన్ ఏమనుకుంటుందో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే చెప్తుందో లేదో. అందుకని హాల్లో చాప పరిచి, కళ్లు మూసుకుని, గుర్రు మొదలుపెట్టాను. ఎవాంజలిన్ వచ్చి పక్కన కూర్చుంది. కూరగాయల పళ్లెం నేల మీద పెట్టిన చప్పుడైంది. ఏదో చెప్పడం మొదలుపెట్టింది. సరైన చోట పడేలా ఒక "ఊఁ" వేశాను. ఇంకోటి కూడా వేశాను. అక్కడిదాకా బాగా గుర్తుంది.

లేచేసరికి సాయంత్రమైపోయింది. ఎవాంజలిన్ ఎంతో హుషారుగా ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. ఫోన్ పెట్టేసి నాకు కాఫీ ఇచ్చింది. కాఫీ మామూలు కన్నా చిక్కగా ఉంది.

"ఇల్లు మారిపోతన్నాం. నాను అడిగిందానికల్లా ఊఁ అన్నావు కదా. విమలక్కకి ఇప్పుడే సెప్పేసేను" అంది.

ఏ ఇంటికి, ఏ వీధికి అని అడిగితే నేను నిజంగానే నిద్రపోయిన సంగతి బయటపడుతుంది. అందుకని కాఫీ తాగుతూ, మంచి నిర్ణయమే అన్నాను. రేపు మధ్యాహ్నం విమలమ్మ గారు ఆ ఇంట్లో పడుకోవడానికి వెళ్తున్నారట. ఎవాంజలిన్ కూడా తలగడకి కొత్త గలీబు వేసుకుని సిద్ధంగా ఉంది. నేను దూరం నుంచి వాళ్ల స్కూటర్ వెనకాలే వెళ్లి, మేం ఎక్కడ ఉండబోతున్నామో తెలుసుకోవాలి.